నిరాశ్రయ యువతలో హెచ్‌ఐవీ నివారణ: స్నేహజాలాల పాత్ర (లాస్ ఏంజెలెస్ ప్రయోగం ఆధారంగా)

వ్యాససంగ్రహం:
హెచ్‌ఐవీ నివారణకు సంబంధించిన ప్రచారం చాలావరకు బడి, కళాశాల, ఆసుపత్రి, ఇల్లు అనే స్థిరమైన చోట్లను ఆధారం చేసుకొని సాగుతుంది. ఈ నాలుగింటికీ వెలుపల బతికే నిరాశ్రయ యువతకు ఆ సందేశం ఎవరి నోట, ఏ దారిన చేరుతుందన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరంలో సామాజిక సేవాశాస్త్రజ్ఞులు, కంప్యూటర్ శాస్త్రజ్ఞులు కలిసి చేసిన క్షేత్రప్రయోగం ఇందుకు ప్రధాన ఆధారం. తోటివారిలో ఎవరిని సందేశవాహకులుగా ఎంచుకోవాలి, ఆ ఎంపిక ఫలితాన్ని ఎలా మారుస్తుంది, ఆ పద్ధతికి ఉన్న హద్దులేమిటి, వయస్సుకు సంబంధించిన చట్టాలు అక్కడ, ఇక్కడ ఎలా పనిచేస్తున్నాయి అన్న అంశాలు ఇందులో వివరింపబడ్డాయి.

కీలక పదాలు: నిరాశ్రయ యువత, హెచ్‌ఐవీ నివారణ, స్నేహజాలం, తోటివారి బోధన, మిత్రవైచిత్రి, అల్గారిథమ్, సమ్మతి వయస్సు.

1. ఉపోద్ఘాతం:
ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల కళాశాలల్లో పనిచేసే అధ్యాపకులకు రెడ్ రిబ్బన్ క్లబ్ కొత్త కాదు. డిసెంబరు 1న ర్యాలీ, వ్యాసరచన పోటీ, క్విజ్, నోటీసుబోర్డు మీద 1097 అనే ఉచిత సహాయవాణి సంఖ్య - ఇవన్నీ ఏటా జరిగేవే. వాటి అవసరాన్ని ఎవరూ కాదనలేరు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2021 అంచనాల ప్రకారం దేశంలో సుమారు 24 లక్షలమంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. వయోజనుల్లో వ్యాప్తి దేశం మొత్తం మీద 0.21 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం, తెలంగాణలో 0.47 శాతం.

ఈ ఏర్పాటంతా ఒక ఊహ మీద నిలబడి ఉంది. వినవలసిన యువకుడికి హాజరుపట్టికలో పేరుంటుంది, సాయంత్రానికి వెళ్లడానికి ఇల్లుంటుంది, జ్వరమొస్తే ఆసుపత్రికి తోడువచ్చే మనిషి ఉంటాడు అన్నదే ఆ ఊహ. 2011 జనాభా లెక్కల్లో ఇల్లు లేనివారుగా నమోదైనవారే 17.7 లక్షలమంది. రైలు ప్లాట్‌ఫారం మీద, ఫ్లైఓవర్ కింద, బస్టాండు ఆవరణలో రాత్రి గడిపే యువతీయువకులకు ఆ ఊహ వర్తించదు. వారిదాకా మాట ఎలా వెళుతుందన్న ప్రశ్నను కేవలం సేవాభావంతో కాక, కొలిచి చూడదగిన ప్రశ్నగా తీసుకొన్న ప్రయత్నం లాస్ ఏంజెలెస్‌లో జరిగింది. ఈ వ్యాసం ఆ ప్రయత్నాన్ని ఎంచుకోవడానికి కారణం అదే.

2. పరిభాష గురించి ఒక మాట:
అమెరికా పరిశోధకులు కొంతకాలంగా ‘నిరాశ్రయ యువత’ అన్న పేరును తగ్గించి, ‘నిరాశ్రయ స్థితిని అనుభవిస్తున్న యువత’ అని రాస్తున్నారు. ఇల్లు లేకపోవడం మనిషి స్వభావం కాదని, అతడు ప్రస్తుతం ఉన్న పరిస్థితి అని చెప్పడం వారి ఉద్దేశం. తెలుగులో ‘నిరాశ్రయుడు’ అన్న మాటకు ఆశ్రయం లేనివాడు అనే అర్థం తప్ప తరతరాల ముద్ర ఏదీ అంటుకోలేదు కాబట్టి ఈ వ్యాసంలో ఆ మాటే వాడబడింది.

వ్యాధికి సంబంధించిన తెలుగు మాటలు మాత్రం అంత నిర్దోషమైనవి కావు. ‘సుఖవ్యాధులు’ అన్న పాత సమాసంలోనే నింద దాగి ఉంది. సుఖపడ్డాడు కాబట్టి అనుభవిస్తున్నాడు అన్న ధ్వని దానిది. ఒక పూట తిండికోసం శరీరాన్ని అప్పగించవలసి వచ్చిన పదిహేడేళ్ల పిల్లకు ఆ మాట ఎంత దూరమో వేరే చెప్పనక్కరలేదు. ‘లైంగికంగా సంక్రమించే వ్యాధులు’ అన్న నేటి ప్రయోగం పొడుగైనదే అయినా నింద లేనిది. మరొక విచిత్రం ‘నిరోధ్’. 1968లో భారతప్రభుత్వం కండోమ్‌కు పెట్టిన ఈ వాణిజ్యనామం తెలుగునాట ఆ వస్తువుకే పేరైంది. శాస్త్రపుస్తకాల్లోని ‘నిరోధం’, దుకాణంలోని ‘నిరోధ్’ ఒకే ధాతువునుంచి వచ్చినా, మొదటిది వేదిక మీద చెప్పగలిగే మాటగా, రెండవది గొంతు తగ్గించి అడిగే మాటగా స్థిరపడ్డాయి. నివారణ సందేశం ఉపన్యాసంలో కంటె స్నేహితుల మాటల్లో సులభంగా సాగడానికి ఇటువంటి భాషాస్థితి కూడా ఒక కారణం.

3. ప్రమాదం ఎక్కడ ఉంది?
చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన చేపిన్ హాల్ పరిశోధన సంస్థ 2017లో ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారం, అమెరికాలో 18-25 ఏళ్ల యువతలో ప్రతి పదిమందిలో ఒకరు, 13-17 ఏళ్లవారిలో ప్రతి ముప్ఫైమందిలో ఒకరు ఒక సంవత్సరకాలంలో ఎప్పుడో ఒకప్పుడు నిరాశ్రయులయ్యారు. పెద్దల తోడు లేకుండా వీధిలో ఉన్నవారితోపాటు, తెలిసినవారి ఇళ్లలో సోఫాల మీద రోజులు గడిపేవారు కూడా ఈ లెక్కలో ఉన్నారు. స్వలింగ, ద్విలింగ, ట్రాన్స్‌జెండర్ యువతకు ఈ స్థితి ఎదురయ్యే అవకాశం మిగిలినవారికంటె రెండింతలకు పైగా ఉన్నట్లు ఆ సర్వే తేల్చింది. తమ సంగతి తెలిశాక ఇంట్లో నిలువనీడ కోల్పోయినవారు వీరిలో ఉన్నారు.

ఇల్లు పోవడానికీ హెచ్‌ఐవీకీ మధ్య ఉన్న లంకె అజ్ఞానం ఒక్కటే అనుకోవడం పొరపాటు. కండోమ్ వాడాలన్న సంగతి తెలిసినవారు కూడా ప్రమాదంలో పడతారు. రాత్రి పడకకోసం లైంగిక సంబంధానికి ఒప్పుకోవలసి వచ్చినప్పుడు ‘వద్దు’ అనే బలం పడక ఇచ్చేవాడి చేతిలో ఉంటుంది. కండోమ్ జేబులో ఉంచుకోవడమే వ్యభిచారానికి సాక్ష్యంగా పోలీసులు చూపే పరిస్థితి కాలిఫోర్నియాలో చాలాకాలం ఉండేది; దాన్ని అరెస్టుకు కారణంగా చూపరాదని ఆ రాష్ట్రం 2019లో చట్టం చేయవలసి వచ్చింది. అంటే ఆరోగ్యశాఖ పంచిన వస్తువును పోలీసుశాఖ నేరానికి ఆనవాలుగా చూసిందన్నమాట.

మందుల విషయమూ ఇంతే. హెచ్‌ఐవీ సోకకుండా ముందుగా రోజూ వేసుకొనే మాత్రకు అమెరికాలో 2012లో అనుమతి లభించింది. 2018లో కౌమారవయస్కులకూ విస్తరించింది. ప్రమాదకర సంపర్కం జరిగాక 72 గంటల్లో మొదలుపెట్టి 28 రోజులు వాడవలసిన మందులు వేరే ఉన్నాయి. రోజూ అదే వేళకు మాత్ర వేసుకోవాలంటే ఆ సీసా భద్రంగా ఉండే చోటు కావాలి. వీధిలో నిద్రపోయేవారి ఆస్తి అంతా ఒక వీపుసంచి. అది దొంగతనానికి గురైనా, పారిశుధ్యసిబ్బంది ఎత్తుకుపోయినా మందూ పోతుంది, గుర్తింపుకార్డూ పోతుంది. రెండు నెలలకొకసారి తీసుకొనే ఇంజెక్షన్ 2021లోను, ఆరునెలలకొకసారి తీసుకొనేది 2025లోను అక్కడ అనుమతి పొందాయి. సంచిలో దాచుకోనక్కరలేని మందు కావడం వీటి పెద్ద సుగుణం. అయితే మళ్లీ ఆరు నెలలకు అదే మనిషిని వెతికి పట్టుకోవడం ఎలా అన్న ప్రశ్న అక్కడా మిగులుతుంది. దానికి సమాధానం కూడా చాలావరకు అతడి స్నేహితుల వద్దనే ఉంటుంది.

4. తోటివారి బోధన - పూర్వరంగం:
తోటివారి ద్వారా చెప్పించడం కొత్త ఆలోచన కాదు. జెఫ్రీ కెల్లీ బృందం 1991లో ప్రచురించిన అధ్యయనంలో, అమెరికా దక్షిణాదిలోని చిన్న పట్టణాల్లో స్వలింగ ప్రేమికులు కలుసుకొనే బార్లను ఎంచుకొన్నారు. అందరూ ఇష్టపడే మనుషులెవరో బార్ సిబ్బందిని గమనించమన్నారు. అలా గుర్తించినవారికి శిక్షణ ఇచ్చి, మామూలు కబుర్ల మధ్యలోనే సురక్షిత సంపర్కం గురించి చెప్పమన్నారు. ప్రమాదకర ప్రవర్తన తగ్గింది. మన దేశంలో 1992లో డాక్టర్ స్మరజిత్ జానా కోల్‌కతా సోనాగాఛీలో మొదలుపెట్టిన కార్యక్రమం ఇంకొక అడుగు ముందుకు వేసి, సెక్స్‌వర్కర్లనే బోధకులుగా, క్రమంగా సంస్థ నిర్వాహకులుగా నిలబెట్టింది.

కెల్లీ పద్ధతిని పెద్దయెత్తున పరీక్షించిన ప్రయోగం చైనా, భారత్, పెరూ, రష్యా, జింబాబ్వే దేశాల్లో జరిగింది. భారతదేశంలో దానికి వేదిక చెన్నై. డాక్టర్ సునీతి సాల్మన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల 1986లో దేశంలోని తొలి హెచ్‌ఐవీ కేసులను గుర్తించిన నగరమే అది. అక్కడి వైన్ షాపులను, బస్తీలను కేంద్రాలుగా తీసుకొన్నారు. 2010లో వెలువడిన ఫలితాలు ఆశాభంగం కలిగించాయి. ప్రజాదరణ గలవారికి శిక్షణ ఇచ్చిన చోటా, ఇవ్వని చోటా ప్రమాదకర ప్రవర్తన దాదాపు సమానంగానే తగ్గింది. శిక్షణ ఇవ్వని చోట్ల కూడా పరీక్షలు, సలహాలు, చికిత్స అందించడం ఇందుకు ఒక కారణం కావచ్చు. ఏమైనా, ‘అందరికీ ఇష్టమైనవాడు చెబితే అందరూ వింటారు’ అన్న నమ్మకాన్ని తిరిగి పరిశీలించవలసిన అవసరం ఏర్పడింది.

5. ఎవరిని ఎంచుకోవాలి?
దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సామాజిక సేవాశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ రైస్ చాలా ఏళ్లుగా లాస్ ఏంజెలెస్ నిరాశ్రయ యువత స్నేహాలను అధ్యయనం చేస్తున్నారు. 2010లో ఆయన ప్రచురించిన ఒక పరిశీలన ఇక్కడ ముఖ్యం. వీధిలో ఉన్నా, ఫోన్ ద్వారానో సామాజిక మాధ్యమాల ద్వారానో ఇంటిదగ్గరి పాత స్నేహితులతో సంబంధం నిలుపుకొన్నవారు, ఆ స్నేహితులు కండోమ్ వాడేవారైతే, తామూ వాడే అవకాశం ఎక్కువగా ఉంది. వీధి స్నేహం అనగానే చెడు సావాసం అని తీర్మానించే అలవాటుకు ఈ పరిశీలన అడ్డుపడుతుంది. స్నేహం ప్రమాదాన్ని మోసినట్లే రక్షణనూ మోస్తుంది.

మరి ఆ రక్షణను మోయడానికి ఎవరిని ఎంచుకోవాలి? ఎక్కువమంది స్నేహితులున్నవారిని అన్నది ప్రజారోగ్యరంగంలో చాలాకాలంగా ఉన్న సమాధానం. దీనిలోని లోపం ఒక ఉదాహరణతో తెలుస్తుంది. ఒక సేవాకేంద్రానికి వందమంది యువత వస్తున్నారనుకుందాం. వారిలో నలభైమంది ఒకే పెద్ద గుంపు; అందరికందరూ తెలుసు. మిగిలినవారు ఇద్దరు ముగ్గురుగా చెదిరి ఉన్నారు. స్నేహితుల సంఖ్యే ప్రమాణమైతే ఎంపికైన పదిమందీ ఆ పెద్ద గుంపువారే అవుతారు. వారు తమలో తాము చెప్పుకొంటారు, ఒకే మనిషికి ఒకే మాట ఆరుసార్లు చేరుతుంది. చెదిరిన అరవైమందికి ఒక్కసారీ చేరదు. సన్నిహితులకంటె ముఖపరిచయస్థుల ద్వారానే కొత్త సమాచారం దూరం పోతుందని మార్క్ గ్రానొవెటర్ 1973లోనే వాదించాడు. అయినా ఆచరణలో సంఖ్య చూపే ఆకర్షణ తగ్గలేదు.

రైస్, కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు మిలింద్ తాంబే, వారి విద్యార్థులు అమూల్య యాదవ్, బ్రయన్ వైల్డర్ తదితరులు ఈ ఎంపికను అల్గారిథమ్‌కు అప్పగించారు. వస్తువుల ప్రచారం కోసం ఎవరితో మొదలుపెడితే మాట ఎక్కువమందికి చేరుతుందన్న గణితసమస్యను 2003లో కెంపె, క్లైన్‌బర్గ్, టార్డోస్ సూత్రీకరించి ఉన్నారు. ఆ గణితాన్ని వీధిలోకి తెచ్చేసరికి కాగితం మీద లేని చిక్కులు ఎదురయ్యాయి. ఎవరు ఎవరికి స్నేహితులో పూర్తిగా తెలియదు. ఒకరి మాట రెండవవారు పట్టించుకొనే అవకాశం ఎంతో తెలియదు. శిక్షణకు పిలిచినవారు ఆ రోజు వస్తారన్న నమ్మకం లేదు. అందువల్ల అందరినీ ఒకేసారి ఎంపిక చేయకుండా, కొందరిని పిలిచి, వచ్చినవారెవరో చూసి, వారి స్నేహాల గురించి తెలిసిన కొత్త సంగతులను కలుపుకొని తరువాతి జట్టును ఎంచుకొనే విధంగా పద్ధతిని మలిచారు. 173 మంది నిరాశ్రయ యువతతో తొలిదశలో జరిగిన పోలికలో, అల్గారిథమ్‌లు ఎంచుకొన్న చోట బోధకులు కానివారిలో సుమారు 70 శాతం మందికి సమాచారం చేరింది. స్నేహితుల సంఖ్యను బట్టి ఎంచుకొన్న చోట అది సుమారు 27 శాతం వద్ద ఆగింది.

తరువాతి చిక్కు స్నేహజాలాన్ని గీయడం. వచ్చినవారందరినీ కూర్చోబెట్టి ‘నీ స్నేహితులెవరు’ అని అడగడం ఏ సేవాసంస్థకూ సాధ్యం కాదు. దీనికి స్కాట్ ఫెల్డ్ 1991లో వివరించిన మిత్రవైచిత్రి తోడ్పడింది. సగటు మనిషికి ఉన్న స్నేహితులకంటె అతడి స్నేహితులకు ఉన్న స్నేహితులు ఎక్కువ. ఒకడికి నలుగురు స్నేహితులు, ఆ నలుగురికీ అతడొక్కడే స్నేహితుడు అనుకుంటే, ఐదుగురి స్నేహితుల సగటు 1.6. కాని ‘నీ స్నేహితుడికి ఎందరు స్నేహితులు’ అని ఐదుగురినీ అడిగితే నలుగురు ‘నాలుగు’ అంటారు, ఒకడు ‘ఒకటి’ అంటాడు, సగటు 3.4 అవుతుంది. కాబట్టి ఎవరినో ఒకరిని యాదృచ్ఛికంగా కలిసి, ఆపైన అతడు పేర్కొన్న స్నేహితులలో ఒకరిని కలిస్తే, జాలంలో కీలకమైన ముడులు తక్కువ శ్రమతో దొరుకుతాయి. ఈ విధంగా సుమారు 20 శాతం మందిని మాత్రమే అడిగి ఎంపిక చేసే పద్ధతి సిద్ధమైంది. గణితంలో వినోదంగా చెప్పుకొనే ఒక వైచిత్రి సామాజిక కార్యకర్తల పనిభారాన్ని ఐదోవంతుకు తగ్గించడం విశేషమే.

6. ఫలితాలు, పరిమితులు:
2021లో ప్రకటితమైన తుది ప్రయోగంలో 713 మంది పాల్గొన్నారు. అల్గారిథమ్ ఎంచుకొన్న బోధకులున్న వర్గం ఒకటి, స్నేహితుల సంఖ్యను బట్టి ఎంచుకొన్నవారున్న వర్గం రెండవది, బోధన లేకుండా పరిశీలన మాత్రమే జరిగిన వర్గం మూడవది. హెచ్‌ఐవీ సంక్రమణకు దారితీసే ముఖ్యమైన ప్రమాదకర ప్రవర్తనలు మొదటి వర్గంలో సాంఖ్యకశాస్త్రరీత్యా గుర్తించదగినంతగా తగ్గాయి. మిగిలిన రెండింటిలో తగ్గలేదు. రెండవ, మూడవ వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేకపోవడం చెన్నై అనుభవంతో పోల్చదగినది. శిక్షణ, సందేశం అవే అయినా, చెప్పే మనుషుల ఎంపిక మారినందువల్ల ఫలితం మారింది.

దీనిని గెలుపుగా చాటేముందు కొన్ని సంగతులు గమనించాలి. ప్రవర్తనలో మార్పు అన్నది పాల్గొన్నవారు తామే చెప్పుకొన్న సమాధానాల మీద ఆధారపడింది. నెలలు గడిచేకొద్దీ ఊరు మారినవారు, జాడ తెలియనివారు లెక్కలోంచి జారిపోతారు. వారే అందరికంటె ఎక్కువ ప్రమాదంలో ఉన్నవారు కావచ్చు. బోధకులు చెప్పగలిగింది కండోమ్ గురించి, పరీక్ష గురించి మాత్రమే. పడక ఇచ్చేవాడికీ అడిగేవాడికీ మధ్య ఉన్న అసమానతను వారు మార్చలేరు. ఆ రాత్రికి ఒక గది ఇవ్వగలిగినవారికే అది సాధ్యం.

ఇంకొక ప్రశ్న నైతికమైనది. ఎవరు ఎవరికి స్నేహితులో, ఎవరి మాట ఎవరు వింటారో తెలిపే పటం ఆరోగ్యకార్యకర్త చేతిలో ఉంటే నివారణ సాధనం. అదే పటం పోలీసుల చేతికి చిక్కితే దాని ప్రయోజనం వేరు. వీధిలో బతికేవారికి స్నేహమొక్కటే ఆస్తి అయినప్పుడు, ఆ ఆస్తి వివరాలు ఎవరి దగ్గర, ఎంతకాలం ఉంటాయన్నది పద్ధతిలో భాగంగానే తేలవలసిన విషయం. అల్గారిథమ్ గురించి జరిగినంత చర్చ దీని గురించి జరగడం లేదు.

7. వయస్సు, సమ్మతి, చట్టం:
స్నేహితుడి మాట విని పరీక్షకు బయలుదేరిన యువకుడికి తరువాత ఎదురయ్యేది ఆసుపత్రి కిటికీ వద్ద అడిగే మొదటి ప్రశ్న: వయస్సెంత? కాలిఫోర్నియాలో 12 ఏళ్లు నిండినవారు లైంగిక సంక్రమణలకు సంబంధించిన పరీక్ష, చికిత్సలకు తామే సమ్మతి తెలుపవచ్చు. 2012 నుంచి నివారణసేవలకూ ఆ హక్కు వర్తిస్తోంది. తల్లిదండ్రుల సంతకం అడగకపోవడం వల్లనే అక్కడి బోధకులు ‘వెళ్లి పరీక్ష చేయించుకో’ అని చెప్పగలుగుతున్నారు. అంటే ఆ ప్రయోగఫలితంలో అల్గారిథమ్‌కు ఉన్నట్లే ఈ చట్టానికీ వాటా ఉంది. పద్ధతిని ఇతర దేశాలకు తెచ్చుకోవాలనుకొనేవారు చట్టాన్ని విడిచి సాఫ్ట్‌వేర్‌ను మాత్రమే తెచ్చుకోలేరు.

భారతదేశంలో పరిస్థితి భిన్నమైనది. 18 ఏళ్లలోపువారికి హెచ్‌ఐవీ పరీక్ష చేయడానికి తల్లిదండ్రులో సంరక్షకులో సమ్మతి తెలపడం సాధారణ నియమం. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపువారితో లైంగిక సంబంధం నేరం. ఆ సంగతి తెలిసినవారు పోలీసులకు తెలియజేయకపోవడం కూడా నేరమే. పిల్లలను దోపిడీనుంచి కాపాడటానికి చేసిన ఆ నియమం అవసరమైనదే. కాని ప్లాట్‌ఫారం మీద బతికే పదిహేడేళ్ల కుర్రవాడు తనకు జరిగినదాన్ని ఆరోగ్యకార్యకర్తకు చెప్పుకొంటే, ఆ మాట అక్కడితో ఆగదు. తోటి కుర్రవాడికి చెప్పుకొంటే మాత్రం, ఆ తోటివాడు 18 ఏళ్లలోపువాడైతే, తెలియజేయనందుకు అతడికి శిక్ష ఉండదు. 2015 నాటి బాలన్యాయచట్టం ఇల్లు గాని స్థిరనివాసం గాని లేని బాలుణ్ణి సంరక్షణ అవసరమైనవాడిగా గుర్తించి, బాలల సంక్షేమసమితి ముందు హాజరుపరచాలంటుంది. ఏ ఇంటినుంచి పారిపోయి వచ్చాడో ఆ ఇంటికే తిరిగి పంపుతారేమోనన్న భయం ఉన్నవాడు కార్యకర్తను చూడగానే పక్కకు తప్పుకొంటాడు.

2017లో చేసి, 2018 సెప్టెంబరు 10నుంచి అమలులోకి తెచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టంలో ఈ సందర్భంలో ఆసక్తి కలిగించే ఒక నిబంధన ఉంది. హెచ్‌ఐవీ బారినపడిన కుటుంబ వ్యవహారాలను చూసుకొంటూ, తగిన పరిణతి కలిగిన 12-18 ఏళ్ల వయస్సువారు తమ తోబుట్టువులకు సంరక్షకులుగా వ్యవహరించవచ్చు. బడిలో చేర్పించడం, చికిత్స, బ్యాంకు ఖాతా మొదలైన విషయాల్లో వారి సంతకం చెల్లుతుంది. పన్నెండేళ్ల అక్క తమ్ముడి చికిత్సకు సమ్మతి తెలుపగలదని శాసనకర్తలు అంగీకరించారు. ఆ అక్కకు ఒక కుటుంబం, అది ఎంత చితికినదైనా, ఉండాలన్నది నిబంధనలోని షరతు. కుటుంబమే లేకుండా స్టేషన్‌లో బతికే పదిహేడేళ్ల యువతి తన సొంత పరీక్షకు తానే సంతకం చేయడం గురించి ఆ నిబంధనలో ప్రస్తావన లేదు.